చంటిపిల్లల మధ్య పెద్దల మాట: ఒక క్రెష్ టీచరు కేసు

ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఉన్న దక్షిణ ఒడిశా జిల్లాల్లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి ఎక్కువగా పిల్లలే వస్తారు. మాట ఆలస్యమైనవాళ్ళు, నత్తి ఉన్నవాళ్ళు, కొత్తగా వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్ళు. పెద్దవాళ్ళయితే పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళో, అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్న టీచర్లో అయ్యుంటారు. ఈ కేసు కూడా గొంతు కేసుగానే వచ్చింది. కానీ గొంతు బాగయ్యాక కూడా అసలు బాధ, పెద్దవాళ్ళతోనూ చంటిపిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడడం, అలాగే ఉండిపోయింది. పిల్లల మధ్య రోజంతా గడిపే ఆడవాళ్ళు ఇలాంటి మాటే నాతో చాలామంది అంటుంటారు, అని నవ్వేసి ఊరుకుంటారు. అది నవ్వి వదిలేయాల్సిన విషయం కాదని నాకు గట్టిగా అనిపించింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఆమె ఇది చదివి ఒప్పుకున్నాకే బయటపెడుతున్నాను. ఊరు, వయసు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమెది ముప్పై దాటిన వయసు. పుట్టినిల్లు శ్రీకాకుళం జిల్లా, డిగ్రీ దాకా తెలుగు మీడియం. పెళ్ళయ్యాక ఒడిశా వైపు వచ్చింది. ఇక్కడ ఇది మామూలే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు, అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం వైపు ఊళ్ళు, పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగం అటు వెళ్ళాయి. గీత పడింది గానీ ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగలేదు. పాతపట్నం, టెక్కలి వైపు ఆడపిల్లలు పర్లాకిమిడికో, బరంపురానికో, గుణుపురానికో, రాయగడకో కోడళ్ళుగా వస్తూనే ఉన్నారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండవైపు నుంచి వచ్చేవాళ్ళ నోట సవర. గిడుగు రామమూర్తి గారు టీచరుగా ఉంటూ సవర నేర్చుకున్నది ఈ పర్లాకిమిడిలోనే.

పెళ్ళికి ముందు ఆమెకు ఒడియా ఒక్క ముక్క రాదు. చిన్నపిల్లల ప్లేస్కూల్లో, డేకేర్ (క్రెష్) కూడా నడిపే చోట, ఉద్యోగంలో చేరాక నేర్చుకుంది. ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ళ లోపు పిల్లలు. రేకుల కప్పు ఉన్న ఒకే పెద్ద గది. పిల్లలు బయటికి పరిగెత్తకుండా తలుపుకి గడియ. ఈమె, ఒక ఆయా. పొద్దున తొమ్మిదికి లోపలికి వెళితే మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాకే బయటికి. మధ్యలో పెద్దవాళ్ళతో మాట్లాడే అవసరం దాదాపు రాదు. ఇలా కొన్నేళ్ళు గడిచాయి.

ఆమె ఒడియా ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎక్కడ నేర్చుకుంది అన్న సంగతి మొదటిరోజు నా కేసు షీట్లో ఒక చిన్న లైను. తర్వాత కేసంతా దాని చుట్టూనే తిరిగింది.

ఏ బాధతో వచ్చింది

ఈఎన్‌టీ డాక్టరు పంపారు. గొంతు బొంగురు, సాయంత్రానికి మాట సగం గాలిగా పోవడం. స్కోపులో రెండు స్వరతంత్రుల మీదా, ముందు మూడో వంతు ముగిసే చోట, చిన్న మెత్తటి వాపు. నాడ్యూల్స్, అంటే స్వరతంత్రుల మీద వచ్చే చిన్న గడ్డలు, మొదలయ్యే చోటు అదే. గొంతు మీద ఎక్కువ భారం పడినప్పుడు రెండు తంత్రులూ ఒకదానికొకటి గట్టిగా తగిలేది అక్కడే. ఆపరేషన్ అక్కర్లేదు, థెరపీ చాలన్నారు డాక్టరు.

వెంట భర్త వచ్చాడు. ఆమె గొంతు గురించి చెబుతుంటే ఆయన మధ్యలో, ‘గొంతు సంగతి సరేనండీ, ఇంట్లో కూడా పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడుతోంది’ అన్నాడు. విసుగుతో కాదు, దిగులుతో అన్నాడు. ‘మా అమ్మకి మందు ఇస్తూ, మందు టైమ్ అయిందిగా, మందు వేసుకుందామా, వేసుకున్నామా, గుడ్! అంటుంది. అమ్మ రెండురోజులు ఈమెతో మాట్లాడలేదు.’ బ్యాంకులో ఫారం నింపుతూ ‘ఇక్కడా? ఇక్కడ సంతకమా? ఇక్కడే పెడదామా?’ అని వేలుపెట్టి చూపిస్తూ రాగం తీసిందట. కౌంటరు అవతల ఉన్నతను తలెత్తి చూశాడట.

ఆమె తలదించుకుని వింది. భర్త మందులు కొనడానికి వెళ్ళాక అసలు భయం బయటపెట్టింది. ‘మాటలు గుర్తురావట్లేదు మేడమ్. అది, ఇది, అలాటిది అంటాను. పెద్ద మాట ఏదైనా చెప్పాలంటే మధ్యలో ఆగిపోతన్నాను. నా బుర్రకేటైనా అయిపోతందా?’ ఆ మధ్య స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. టైమింగులు ఎందుకు మారుస్తున్నారో ఒడియాలో ఆమె చెప్పాలి. రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది. మమ్మల్ని కూడా పిల్లల్లా చూస్తోందని ఒక తండ్రి యజమానితో అన్నాడు. అప్పటినుంచి తల్లిదండ్రులతో మాట్లాడే పని వేరేవాళ్ళకి ఇస్తారేమోనని ఆమెకు టెన్షన్.

ముందు ఏం చూశాం, ఎందుకు

మాట మారింది, మాటలు దొరకడం లేదు అని ఎవరైనా అంటే, పిల్లలతో ఉండడం వల్లేలే అనేసి ఊరుకోకూడదు. అలా అనుకోవడం చాలా తేలిక. కాబట్టి ఆ కారణాన్ని చివరికి ఉంచి, మిగతావి ముందు చూశాం.

మొదట వినికిడి. చెవికి దగ్గరగా పసిపిల్ల ఏడుపు 100 డెసిబెల్స్ దాటగలదు. రోజూ అంత చప్పుడులో ఉండే మనిషికి చెవి కొంచెం తగ్గినా గొంతు పెంచి, మాట సాగదీసి, అన్నదే మళ్ళీ అనడం అలవాటవుతుంది. బయటినుంచి చూస్తే అచ్చం ఈమె మాటలాగే ఉంటుంది. ఆడియోమెట్రీ నార్మల్ వచ్చింది. తర్వాత థైరాయిడ్. అది తగ్గితే గొంతు బొంగురుపోతుంది, ఆలోచన మందగిస్తుంది, మరపు వస్తుంది. ఆమె చెప్పిన మూడు బాధలూ ఆ ఒక్క జబ్బులో ఉన్నాయి. దాని రక్తపరీక్ష, టీఎస్‌హెచ్, కూడా నార్మలే. నిద్ర, మనసు దిగులు గురించి అడిగాను. అలసట ఉంది, ఉద్యోగం భయం ఉంది, డిప్రెషన్ అనదగ్గది కనిపించలేదు.

ఆపైన మాటల పరీక్ష. బొమ్మలు చూపించి పేర్లు అడగడం, ఒక నిమిషంలో జంతువుల పేర్లు, కూరగాయల పేర్లు చెప్పించడం, విన్న కథ తిరిగి చెప్పించడం. తెలుగులో, ఒడియాలో విడివిడిగా చేశాను. రెండు భాషల మనిషిని ఒక్క భాషలో పరీక్షించి రిపోర్టు రాయడం నాకు ఇష్టం ఉండదు. తెలుగులో పేర్లన్నీ ఇబ్బంది లేకుండా చెప్పింది. కొంచెం నెమ్మదిగానే చెప్పినా అన్నీ సరైనవే. ఒడియాలో జంతువులు, పళ్ళు, రంగులు, ఒంటి భాగాలు గడగడా వచ్చాయి. అద్దె, రసీదు, కారణం, ఫిర్యాదు, ఆలస్యం లాంటివి అడిగితే నోట మాట లేదు. మరిచిపోయింది అనుకోవడానికి ఆ మాటలు ఆమె ఎప్పుడూ నేర్చుకోనేలేదు.

ఇక్కడే దారి తెరుచుకుంది. ఆమె రెండు భాషల్లోనూ ఒకే బాధ చెబుతోంది గానీ అవి ఒక బాధ కావు. ఒడియాలో ఆమెకు పెద్దల మాట అసలు లేదు. తెలుగులో ఉంది, వాడకం లేదు.

మూడు రికార్డింగులు

అనుమతులు తీసుకుని ఫోన్లో మూడు చోట్ల రికార్డు చేయించాను. పిల్లలతో, ఇంట్లో భర్తతో, నాతో. గొంతు స్థాయి (శ్రుతి) చూడడానికి ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాడాను. పేపరు చదివేటప్పుడు 200 హెర్ట్జ్ దగ్గర్లో ఉన్న గొంతు పిల్లల దగ్గర 300 దాటుతోంది. అది తప్పేమీ కాదు. చంటిపిల్లలతో ఎవరం మాట్లాడినా గొంతు పైకి వెళ్తుంది, రాగం పెద్దదవుతుంది, మాట నెమ్మదిస్తుంది. 1964లోనే భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫెర్గూసన్ ఆరు భాషల్లో ఈ పిల్లల మాట ఎలా ఉంటుందో పోల్చి చూపించాడు, అందులో మన పక్కనున్న మరాఠీ కూడా ఉంది. అమెరికా, రష్యా, స్వీడన్ తల్లులు పసివాళ్ళతో మాట్లాడేటప్పుడు అచ్చుల్ని సాగదీసి స్పష్టంగా పలుకుతారని ప్యాట్రిషియా కూల్ బృందం 1997లో చూపించింది. పిల్లలకి అది పనికొచ్చే మాట. ఇబ్బందల్లా, భర్తతో చేసిన రికార్డింగులో కూడా గొంతు పెద్దగా కిందికి దిగలేదు.

నన్ను ఆపింది గొంతు కాదు, వాక్యాలు. పిల్లలతో ఆమె అన్నవి ఇలా ఉన్నాయి: ‘బంతి ఏదీ? బంతి ఇదిగో. బంతి ఇటిచ్చెయ్. ఇచ్చేశావా? గుడ్ బాయ్. టీచరమ్మకి ఇచ్చేశాడు.’ భర్తతో: ‘గ్యాస్ అయిపోయింది. గ్యాస్ బుక్ చెయ్యి. చేశావా? ఫోన్ ఏదీ? ఫోన్ ఇదిగో.’ రెండింట్లోనూ ప్రతి ముక్కా విడిగా నిలబడి ఉంది.

తెలుగులో పెద్దల మాట బరువంతా ముక్కల్ని కలిపే చోట ఉంటుంది. వచ్చి, వస్తే, వచ్చినా, రావడానికి, వస్తాడని, రాకపోవడంతో. స్కూల్లో క్త్వార్థకం, చేదర్థకం, అప్యర్థకం, తుమున్నర్థకం అని బట్టీపట్టినవి ఇవే. ఒక కారణాన్ని, ఒక షరతుని, ఒక అనుమానాన్ని ఒకే మాటలో ఇమడ్చాలంటే ఇవి లేకుండా కుదరదు. ‘గ్యాస్ రేపటికల్లా అయిపోయేలా ఉంది, ఇప్పుడు బుక్ చేస్తే పండక్కి ముందే వస్తుందేమో’ అనాలంటే ఎన్ని కలవాలో చూడండి. అందుకని ఈ కేసులో మాటల సంఖ్య లెక్కపెట్టడం మానేసి, కలిపే రూపాలు ఎన్ని వస్తున్నాయో గమనించడం మొదలుపెట్టాను. భర్తతో మాటల్లో అవి చాలా తక్కువ. నాతో మాట్లాడేటప్పుడు, ముఖ్యంగా తన పెళ్ళికి ముందు సంగతులు చెప్పేటప్పుడు, బాగానే వచ్చాయి. అంటే ఆ సామర్థ్యం ఎక్కడికీ పోలేదు. ఈ ఒక్క సంగతి రికార్డింగు వినిపించి చెప్పగానే ఆమె ముఖంలో భయం సగం తగ్గింది. బుర్రకి ఏమీ కాలేదని నోటితో ఎంత చెప్పినా నమ్మని మనిషి, తన గొంతులో తన పెద్ద పెద్ద వాక్యాలు విని నమ్మింది.

గొంతుకి చేసినవి

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది తెలిసిన దారే. నీళ్ళు, విరామాలు, నడుముకి కట్టుకునే చిన్న మైకు. గది అవతలి మూల నుంచి పిలవకుండా దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని మాట్లాడడం. అందర్నీ ఒకచోట చేర్చడానికి కేకకి బదులు గంట. గుసగుసగా మాట్లాడడం గొంతుకి విశ్రాంతి అని చాలామంది అనుకుంటారు, అదీ భారమే, వద్దన్నాను. చుట్టూ చప్పుడు పెరిగితే మనకి తెలియకుండానే గొంతు పెరుగుతుంది. 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు గమనించిన విషయం ఇది. రేకుల మీద వాన పడుతుంటే గొంతు తగ్గించమని చెప్పడం దండగ. అందుకని వాన పడేటప్పుడు పాటలు, కథలు ఆపేసి బొమ్మలు, మట్టి ముద్దలు, రంగులు ఇచ్చేలా రోజువారీ పని మార్చాం. కొన్ని నెలల్లో వాపు తగ్గింది, గొంతు తేరుకుంది.

ఇంట్లో మాట మాత్రం మారలేదు. గొంతు బాగైతే అలసట తగ్గి మాట కూడా సర్దుకుంటుందన్న ఆశ ఉండేది, అది నిజం కాలేదని ఇక్కడ తేలింది.

పని చేయనివి

మొదటి ప్రయత్నం, అందరూ ముందు చేసేదే: పట్టుకోవడం. ఇంట్లో ఆమె పిల్లల ధోరణిలో మాట్లాడినప్పుడల్లా భర్త చిన్న సైగ చేయాలి, ఆమె ఆగి మళ్ళీ చెప్పాలి. ఉచ్చారణ దోషాలకి, నత్తికి కొంతవరకు ఇలాంటివి పనికొస్తాయి. ఇక్కడ ఆమె మాట్లాడడమే తగ్గించేసింది. సైగ వస్తుందన్న ఆలోచనతో నోరు తెరిచే మనిషికి చెప్పాలనుకున్న విషయం మీద ధ్యాస నిలవదు. అసలే తక్కువున్న కలిపే రూపాలు ఇంకా తగ్గాయి. పైగా కొడుకు కూడా సైగలు మొదలుపెట్టాడు. ఆపేశాం.

రెండోది, రోజూ తెలుగు పేపరు గట్టిగా చదవడం. చదవడం హాయిగా సాగింది, పాత మాటలు చెవిన పడ్డాయి, ఆమెకి నచ్చింది కూడా. కానీ పేపర్లో వాక్యం వేరేవాళ్ళు కట్టిపెట్టింది. సొంత విషయాన్ని ఎదుటి మనిషికి అర్థమయ్యేలా కట్టే పని అందులో లేదు. చదివినంతసేపూ బాగుండి, పేపరు మడిచాక మళ్ళీ ‘గ్యాస్ ఏదీ’ దగ్గరికే వచ్చేది.

మూడోది మేము చేయనిది. స్కూల్లో పిల్లలతో కూడా మామూలుగా, పెద్దవాళ్ళలా మాట్లాడితే అలవాటు పోతుంది కదా అని భర్త అడిగాడు. దానికి నేను ఒప్పుకోలేదు. రెండేళ్ళ పిల్లకి ఆ రాగం, ఆ మళ్ళీ మళ్ళీ చెప్పడం, ఆ చిన్న వాక్యం కావాలి. ఇంట్లో ఒక భాష, స్కూల్లో ఒక భాష వింటున్న ఈ ఊళ్ళ పిల్లలకి ఇంకా కావాలి. ఆమె రికార్డింగు విన్నప్పుడు ఒక పిల్లవాడి సగం మాటని అందుకుని పూర్తిమాటగా తిరిగి ఇవ్వడం, జవాబు కోసం ఓపికగా ఆగడం గమనించాను. నేను తల్లులకి నేర్పడానికి కష్టపడేవి అవే. ఆమెలో బాగా పండిన నైపుణ్యాన్ని జబ్బుగా చూసి నరికేస్తే పిల్లలకీ నష్టం, ఆమెకీ నష్టం. కాబట్టి పిల్లల మాట జోలికి వెళ్ళకూడదు, పెద్దల మాటని పెంచాలి. అక్కడినుంచి అన్నీ ఈ నిర్ణయం మీదే నడిచాయి.

పని చేసినవి

తెలుగు వైపు ముందు. స్కూలు నుంచి ఇంటికి నడిచి వచ్చే దారిలో శ్రీకాకుళంలో ఉన్న అప్పకి (అక్కకి) ఫోన్ చేసేది. అలవాటు ముందే ఉంది. విని చూస్తే ‘తిన్నావా, పిల్లలొచ్చారా, ఏం కూర’ తోనే ఫోను అయిపోతోంది. ఆ మాటలకి ఏ కలిపే రూపమూ అక్కర్లేదు. ఒకటే మార్చాం: రోజుకో సంగతి, ‘ఎందుకు’ లేకుండా చెప్పకూడదు. ఫలానా పిల్ల ఈరోజు ఎందుకు తినలేదు, ఆయా ఎందుకు అలిగింది, తనైతే ఏం చేసుండేది. అప్పకి కూడా విషయం చెప్పి, మధ్యలో ‘అదేటి, అలాగెందుకు?’ అని అడగమన్నాను. ఆవిడ చక్కగా అడిగేది, వదిలేది కాదు. ఇంటి గుమ్మం ఎక్కేసరికి ఆమె నోరు పెద్దవాళ్ళ దారిలో పడి ఉండేది. పిల్లల గది నుంచి నేరుగా వంటింట్లోకి వచ్చినప్పుడు ఈ మార్పుకి చోటు ఉండేది కాదు. ఇంట్లో మాట మారడం మొదట కనిపించింది దీనితోనే.

తర్వాత అత్తగారు. నేను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ఇక్కడ. ఆవిడ బాధ న్యాయమైనది. వృద్ధాశ్రమాల్లో సంరక్షకులు పెద్దవాళ్ళతో మాట్లాడే తీరుని లిండా కాపొరేల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1981లో పరిశీలించింది. మాటలు తెలియకుండా వడకట్టి స్వరం మాత్రమే వినిపిస్తే, ముసలివాళ్ళతో అలా గారంగా మాట్లాడినదీ చిన్నపిల్లలతో మాట్లాడినదీ వినేవాళ్ళు తేడా కనిపెట్టలేకపోయారు. ఎంత ప్రేమతో అన్నా ఎదుటి పెద్దమనిషికి చిన్నబుచ్చినట్టే తగులుతుంది. మరి ఈమె అత్తగారి దగ్గర జాగ్రత్తగా మాట్లాడాలని అదుపు పెట్టుకుంటే మళ్ళీ సైగల కథే అవుతుంది. అందుకని వాళ్ళిద్దరి మధ్య పనిని తిరగేశాం. మందు ఇచ్చేటప్పుడు చూసుకునే మనిషి కోడలు. అత్తగారు చెప్పే మనిషిగా, కోడలు నేర్చుకునే మనిషిగా ఉండే వేళ ఒకటి కావాలి. మనకి తెలియనిది చెబుతున్న మనిషి ముందు ఎవరి గొంతూ రాగం తీయదు.

నేర్చుకోవాల్సింది చేతిలోనే ఉంది: ఒడియా. అత్తగారు పుట్టింది ఈ వైపే. ఇంట్లో తెలుగే అయినా, భర్త పోయాక పొలం కాగితాలు, కౌలు, తహసీల్దారు ఆఫీసు, బజారు అన్నీ ఒడియాలో తానే చూసుకున్న మనిషి. నేను అడిగితే ముందు ‘నాకేటొచ్చమ్మా, సదువా సంధ్యా’ అంది. కోడలు వచ్చి అడిగితే కూర్చుంది.

మొదటి వారమే ఒక ముడి విప్పింది ఆవిడ. ఒడియాలో మర్యాద క్రియలోనే ఉంటుంది. పిల్లవాడినో చనువున్నవాళ్ళనో ‘ఆస, బస’ అంటారు. గౌరవించాల్సిన మనిషిని ‘ఆసన్తు, బసన్తు’ అనాలి. పిల్లల దగ్గర నేర్చుకున్న కోడలికి ఆ రెండో రూపం నోటికి అలవాటే లేదు. మీటింగుకి వచ్చిన తండ్రిని కూడా ‘ఆస, బస’ అంటోంది. ఆయన అన్న మాట రాగం గురించి కాదు, దీని గురించి. తెలుగులో ‘రండి’ అనే మనిషే, ఒడియాలో తెలియక ‘రా’ అంటోంది. ఇది తెలిశాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ‘ఇన్నాళ్ళూ అందరినీ అలాగే పిలిచానా’ అంది. అది సిగ్గుపడాల్సిన విషయం కాదనీ, ఒక భాషని రెండేళ్ళ పిల్లల దగ్గర నేర్చుకున్న ఎవరికైనా ఇలాగే వస్తుందనీ చెప్పాను. నిజంగా అంతే.

అక్కడినుంచి ఇద్దరూ సాయంత్రాలు కూర్చునేవారు. కౌలు గొడవ ఎలా తేలింది, ఆఫీసులో ఏమని అడిగింది, వాళ్ళేమన్నారు అని అత్తగారు ఒడియాలో చెబుతుంటే కోడలు తిరిగి చెప్పేది. ఫిర్యాదు, గడువు, బాకీ, ఒప్పందం లాంటి మాటలు కథలోనే వచ్చాయి. విడిగా లిస్టు రాసి బట్టీపట్టించడం నేను కావాలనే పెట్టలేదు, ఎందుకంటే ఆమెకి లోటు ఉన్నది విడి మాటల్లో కన్నా వాటిని బేరానికో వాదనకో వాడడంలో.

మూడోది స్కూల్లోనే. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన ప్రతి తల్లికో తండ్రికో ఒక్క మాట, కారణంతో కలిపి చెప్పాలి. ‘బాగా ఆడాడు’ అంటే చాలదు. ‘పొద్దున పాలు తాగకుండా వచ్చాడేమో, పదింటికే ఆకలని ఏడ్చాడు, అందుకే ముందు తినిపించాం.’ మొదట్లో మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఆయాతో ఒకసారి అనుకుని చూసుకునేది. ఆయాది సవర ఇల్లు, ఒడియా బాగా వచ్చు. పిల్లలు నిద్రపోయే ఆ గంటలో ఇద్దరూ అంతవరకు ఫోన్లు చూసుకునేవారు. ఇప్పుడు ఆ గంట పెద్దవాళ్ళ మాటకి దొరికింది. తల్లిదండ్రులకి కూడా నచ్చింది, పిల్లవాడి రోజు ఎలా గడిచిందో వాళ్ళకి తెలుస్తోంది కదా.

తర్వాతి మీటింగుకి నేను ప్రసంగం రాసివ్వలేదు. చెప్పాల్సిన మూడు విషయాలు ఆమె ఎంచుకుంది, ఒక్కోదానికి ‘ఎందుకంటే’ ఏమిటో అత్తగారి ముందు చెప్పి చూసుకుంది. మీటింగులో ఒకచోట తడబడింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టి ముగించింది. యజమాని ఆ పనిని ఆమె దగ్గరే ఉంచారు.

ఎక్కడ నిలిచింది

ఆరు నెలలు దాటాక మళ్ళీ రికార్డు చేశాం. భర్తతో మాటల్లో కలిపే రూపాలు స్పష్టంగా పెరిగాయి, గొంతు కిందికి దిగింది. బాగా అలసిన రోజున, సంతోషం పట్టలేని రోజున రాగం ఇప్పటికీ వస్తుంది. ఫోనెత్తి ‘టీచరమ్మ మాట్లాడుతోంది’ అనేస్తుంది ఒక్కోసారి. దాని వెంట పడవద్దని ఇంట్లో వాళ్ళకి చెప్పాను. ‘అది, ఇది’ అనడం బాగా తగ్గింది. అత్తగారికి జ్వరం వచ్చినప్పుడు మళ్ళీ ‘వేసుకుందామా’ మొదలైందట. ఈసారి అత్తగారే, ‘నాను నీ బళ్ళో గుంటని కాదే’ అని నవ్విందట.

ఈ కేసు తర్వాత నా పని తీరులో కొన్ని మారాయి. మాట మారిందని వచ్చిన ప్రతి పెద్ద మనిషినీ రోజులో ఎవరితో, ఏ భాషలో, దేని గురించి మాట్లాడతారో గంటగంటకీ అడుగుతున్నాను. రెండో భాష ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడుగుతున్నాను. నేను చూసిన అంగన్‌వాడీ దీదీల్లో ఈ బాధ ఇంతగా కనిపించదు, వాళ్ళూ చిన్నపిల్లలతోనే ఉంటారు గదా అని మొదట ఆశ్చర్యపోయాను. వాళ్ళ పనిలో గర్భిణులు ఉంటారు, రిజిస్టర్లు ఉంటాయి, మమతా దివస్ (ఊళ్ళో తల్లీబిడ్డల ఆరోగ్యం, పోషణ చూసే రోజు) నాడు ఏఎన్ఎమ్‌తో, ఆశాతో మాటలుంటాయి, సూపర్‌వైజరుకి జవాబు చెప్పుకోవాలి. పెద్దల మాట వాళ్ళ ఉద్యోగంలోనే ఉంది. తలుపు గడియ పెట్టిన క్రెష్ గదిలో అది ఉండదు. రోజంతా మనవడితో ఒంటరిగా ఉండే అమ్మమ్మల విషయంలో కూడా ఇదే ప్రశ్న వేయాలి. ఇలాంటి చోట పనిచేసేవాళ్ళని పెట్టుకున్న యజమానులు రోజులో ఒక అరగంట ఇద్దరు పెద్దవాళ్ళు మాట్లాడుకునే వీలు కల్పిస్తే, అది పనిలో భాగమే.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరిగా చెప్పాలి. ఈమెకి ఇబ్బంది పెద్దవాళ్ళ మాటల్లోనే వచ్చింది, పిల్లల దగ్గర మాట చురుగ్గా ఉంది, పాత సంగతులు చెప్పేటప్పుడు సాఫీగా ఉంది. అలా కాకుండా అన్ని చోట్లా మాట తగ్గుతుంటే, ఒక మాట అనబోయి వేరే మాట వస్తుంటే, ఎదుటివాళ్ళు చెప్పింది అర్థం కాకపోతుంటే, నాలుక మందంగా తిరుగుతుంటే, ఇదంతా పిల్లల సావాసం అనుకోకుండా న్యూరాలజిస్టుకి చూపించాలి. ఉన్నట్టుండి ఒక్కసారిగా వస్తే అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ మధ్య ఆమె స్కూల్లో సవర ఇళ్ళ నుంచి పిల్లలు చేరారు. వాళ్ళ భాష నేర్చుకుంటానని అడిగింది. పిల్లల దగ్గర నేర్చుకునేది ఎలాగూ వస్తుందనీ, ఆయా దగ్గర మాత్రం ముందు పెద్దవాళ్ళతో మాట్లాడేది నేర్చుకోమనీ అన్నాను. పిల్లల్ని దింపడానికి వచ్చే సవర తల్లిని ఎలా పలకరించాలి, బిడ్డ ఎందుకు ఏడ్చాడో ఆమెకి ఎలా చెప్పాలి అన్న రెండు విషయాలతో మొదలుపెట్టారు.